నీరసమా, మగతా?

మా మావయ్య స్కూటర్ మీంచి పడ్డది గురువారం. ఉపవాసం పట్టింది శనివారం. మా చెల్లెలు విశాఖపట్నం నుంచి వచ్చి తణుకు స్టేషన్లో దిగింది మంగళవారం పొద్దున్న. దాన్ని స్టేషన్ నుంచి తీసుకొచ్చింది నేనే కాబట్టి, తరవాత వీధరుగు మీద జరిగిన వాదనకి సాక్షినీ నేనే.

మావయ్యకి 66 ఏళ్లు. హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్లుగా ఏకాదశి తప్పలేదు. కాలవగట్టు మీద కుక్క అడ్డొస్తే బ్రేకు వేశారు, బండి జారింది, తల ఎడమపక్క రాయికి తగిలింది. హెల్మెట్ ఇంట్లో మేకుకి వేలాడుతోంది. పడ్డాక ఓ పది నిమిషాలు ఏం జరిగిందో ఆయనకి ఇప్పటికీ జ్ఞాపకం లేదు. ఆ రోజే సీటీ స్కాన్ తీశారు. నెత్తురు కారలేదు, ఎముక చిట్లలేదు. ‘కంకషన్’ అన్నారు. అంటే మెదడు కుదుపు తింది. ఒకటి రెండు రోజులు విశ్రాంతిగా ఉండి, తరవాత మెల్లగా అటూ ఇటూ తిరగమన్నారు, రెండు వారాల్లో సర్దుకుంటుందన్నారు. ఇంటికొచ్చాక ఆ చీటీకి మావయ్య తనే ఒక పథ్యం చేర్చుకున్నారు: పది రోజులు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదని.

చెల్లెలు ఇరవై ఏళ్లుగా న్యూరోసర్జరీ వార్డులో నర్సు. ఇద్దరూ ఇద్దరే. నేను మొదట్లో మావయ్య పక్షమే, దాపరికం ఎందుకు. ఏకాదశి నేనూ ఉంటాను. ఉన్న మర్నాడు ఒళ్లు తేలిగ్గా ఉండటం నాకూ అనుభవమే.

మావయ్య: రామ్మా రా. మీ అత్తయ్య ఫోన్ చేసి ఏడ్చిందా?

మేనకోడలు: ఏడవలేదు మావయ్యా. “మీ మావయ్య పగలంతా పడుకునే ఉంటున్నారే” అంది, అంతే. అది విన్నాకే సెలవు పెట్టాను.

మావయ్య: నాలుగో రోజు లంఖణం. పడుకోక కుస్తీ పట్టమంటావా? నీరసం ఉంటుంది. నీరసం వస్తేనే ఉపవాసం పని చేస్తున్నట్టు.

మేనకోడలు: అది నీరసమే అని ఎవరు చెప్పారు?

మావయ్య: ఒళ్లు నాది కదమ్మా, నాకు తెలీదా? సరే, నువ్వు వాదించడానికే వచ్చావు, మొదలుపెట్టు. నేను మాత్రం గాలికి మాట్లాడను. ‘లంఖణం పరమౌషధం’ అన్నది నేను పుట్టించిన మాట కాదు. ఈ ఇంట్లో మా తాతగారి నాటి నుంచీ జబ్బు చేస్తే ముందు పొయ్యి ఆపేవారు. కుక్కని చూడు. ఒంట్లో బాగోకపోతే నీడలో ముడుచుకు పడుకుంటుంది, అన్నం పెట్టినా మూతి పెట్టదు. దానికి ఏ డాక్టరు చెప్పాడు?

మేనకోడలు: కుక్క ఆకలి లేక మానేస్తుంది మావయ్యా, పది రోజులని లెక్క పెట్టుకుని మానెయ్యదు. మూడో రోజు ఆకలేస్తే లేచి తింటుంది. మీకు నిన్న ఆకలేసిందా లేదా?

మావయ్య: వేసింది. నిగ్రహించుకున్నాను.

మేనకోడలు: అదే తేడా. దెబ్బ తగిలిన మొదటిరోజు వికారంగా ఉండి ఒక పూట తినలేకపోతే నేనేమీ అనను. వాంతి వచ్చేట్టుంటే బలవంతంగా కుక్కమనను కూడా. ఒక పూట తినకపోవడం వేరు, పది రోజులు కడుపు మాడ్చుకోవడం వేరు.

మావయ్య: పాతకాలపు మాటని తీసిపారేస్తావని తెలుసు, కొత్తకాలపుది కూడా సిద్ధం చేసుకున్నాను. ఆటోఫజీ. జపాన్ ఆయన, యోషినోరి ఒసుమి, 2016లో నోబెల్ బహుమతి. కణానికి తిండి అందనప్పుడు తనలోని చెత్తని తనే అరిగించుకుని శుభ్రపడుతుంది. దెబ్బ తిన్న మెదడులో చెత్త ఉంటుందా, ఉండదా? దాన్ని ఊడ్చుకోవడానికి వ్యవధి ఇస్తున్నాను.

మేనకోడలు: ఒసుమిగారు ఆ పని చేసింది ఈస్ట్ మీద మావయ్యా. రొట్టె పొంగడానికి వేస్తారే, అది. కణం తనని తాను ఎలా శుభ్రం చేసుకుంటుందో కనిపెట్టారు, నిజమే, గొప్ప పనే. తలకి దెబ్బ తగిలినవాళ్లని పస్తు పెట్టమని ఆయన ఎక్కడా చెప్పలేదు. ఈస్ట్ స్కూటర్ మీంచి పడదు.

మావయ్య: ఎలకలు పడతాయా మరి? అమెరికాలో కెంటకీలో ఎలకల తలకి దెబ్బ తగిలించి, తరవాత పస్తు పెట్టారు. పస్తున్న ఎలకల మెదడు ఎక్కువ మిగిలింది. 2008లో అచ్చయింది. దీనికేమంటావ్?

(ఇక్కడ చెల్లెలు ఒక్క క్షణం ఆగింది. మావయ్య నా వైపు చూసి కనుబొమలెగరేశారు. ఆయన చదివే వస్తారు, ఆ మాట ఒప్పుకోవాలి.)

మేనకోడలు: అంటాను, అది నేనూ చదివాను. నిజమే. అయితే మీరు సగంలో ఆపేశారు. 24 గంటలు పస్తు పెట్టిన ఎలకలకి మేలు జరిగింది. 48 గంటలు పెట్టినవాటికి జరగలేదు. దెబ్బ మధ్యరకంగా ఉన్నప్పుడే ఆ మేలు, తీవ్రమైన దెబ్బకి 24 గంటల పస్తు కూడా పనికిరాలేదు. ఎలక ఒంట్లో నిప్పు మన ఒంట్లో కంటే చాలా జోరుగా మండుతుంది మావయ్యా, దాని ఒక్కరోజూ మన ఒక్కరోజూ ఒకటి కావు. అలాగని మన లెక్కలో పది రోజులని దాని మీంచి తేల్చుకోవడమూ కుదరదు. ఆ పరిశోధన నాకు చెప్పేది ఒకటే: మోతాదు దాటితే మేలు మాయమవుతుంది. మీ సాక్షి నా వైపు కూడా సాక్ష్యం చెబుతున్నాడు.

మావయ్య: ఒకరోజు వరకూ ఒప్పుకున్నావు కదా.

మేనకోడలు: ఎలకకి. మనుషుల్లో కుదుపు తగిలినవాళ్లకి పది రోజుల నీటి ఉపవాసం మేలు చేస్తుందని తేల్చిన పరిశోధన ఒక్కటీ లేదు. అసలు మీ తలలో ఏం జరిగిందో చెప్పనా? మీ భాషలోనే చెబుతాను. నిడదవోలు కాలవకి గండి పడిందనుకోండి.

మావయ్య: పడింది, చూశాను కూడా.

మేనకోడలు: పొలంలోకి నీళ్లు వచ్చేశాయి. అప్పుడేం చేస్తారు? ఊళ్లో ఉన్న మోటార్లన్నీ తెచ్చి రాత్రీ పగలూ తోడతారు. తలకి కుదుపు తగిలితే జరిగేది అదే. కణాల గోడలు కదిలిపోయి లోపల ఉండాల్సిన పొటాషియం బయటికి పోతుంది, బయట ఉండాల్సిన సోడియం, కాల్షియం లోపలికి వస్తాయి. దాన్ని మళ్లీ ఎక్కడిదక్కడికి తోడటానికి ప్రతి కణం గోడలోనూ పంపులున్నాయి. ఉపమానానికి అనడం లేదు, వాటి పేరే పంపులు. ఆ పంపులు నడవాలంటే గ్లూకోజు కావాలి. మామూలు రోజుల్లోనే మెదడు బరువు ఒంట్లో నూటికి రెండు వంతులు, ఖర్చు నూటికి ఇరవై. దెబ్బ తగిలిన గంటల్లో ఆ ఖర్చు ఇంకా పెరుగుతుంది. అదే సమయానికి మెదడుకి వచ్చే నెత్తురు తగ్గుతుంది. తరవాత కొన్నాళ్లు మెదడు గ్లూకోజుని సరిగ్గా వాడుకోలేక మందకొడిగా ఉంటుంది. వెలుతురు చూడలేకపోవడం, పేపరు రెండు పేరాలు చదివేసరికి తల దిమ్మెక్కడం, ఇవన్నీ అందుకే. పొలంలో నీళ్లున్నాయి, మోటార్లు నడుస్తున్నాయి. మీరు డీజిల్ ఆపేశారు.

మావయ్య: డీజిల్ లేకపోతే కిరసనాయిలు పోసి నడిపిన రోజులు నాకు తెలుసులే. నువ్వే అన్నావు, మెదడు గ్లూకోజుని సరిగ్గా వాడుకోలేకపోతోందని. అలాంటప్పుడు వేరే ఇంధనం ఇవ్వాలి. ఉపవాసంలో కొవ్వు కరిగి కీటోన్లు వస్తాయి. మెదడు వాటితో నడుస్తుంది. మూర్ఛరోగం ఉన్న పిల్లలకి కీటోజెనిక్ భోజనం పెడతారు కదా. అమెరికాలో మేయో క్లినిక్‌లో 1921 నుంచీ ఉన్న వైద్యం అది.

(ఇది బలమైన మాటే అని అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది. కీటోన్లకీ దెబ్బతిన్న మెదడుకీ సంబంధం మీద శాస్త్రజ్ఞులు నిజంగానే పనిచేస్తున్నారు. మావయ్య చిక్కుపడింది ఆ తరవాతి మెట్టు దగ్గర.)

మేనకోడలు: మూర్ఛ పిల్లలకి పెట్టేది భోజనం మావయ్యా. నెయ్యి, నూనె, మీగడ, గుడ్లు తూకం వేసి పెడతారు, విటమిన్లు ఇస్తారు, రక్తపరీక్షలు చేస్తారు. కీటోన్లు రావడానికి కడుపు కాలక్కర్లేదు. సరే, ఉపవాసంతోనే వస్తాయనుకుందాం. ఎప్పుడొస్తాయి? కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం వంద గ్రాముల లోపే, దాదాపు ఒక్క రోజులో అయిపోతుంది. మెదడుకి రోజుకి వంద గ్రాములకి పైగా గ్లూకోజు కావాలి. కీటోన్లు ఇంకా అందుకోలేదు. అప్పుడు ఒళ్లు ఏం చేస్తుంది? కండ కోసి గ్లూకోజు చేస్తుంది. మొదటి రోజుల్లో రోజుకి దాదాపు 75 గ్రాముల ప్రొటీను అలా పోతుంది. 1960ల్లో జార్జ్ కాహిల్ అని హార్వర్డ్ డాక్టరు, లావుపాటి మనుషులు ఐదారు వారాలు ఉపవాసం ఉంటే కొలిచి చూశారు. మెదడు ఖర్చులో మూడింట రెండు వంతులు కీటోన్లు మోస్తున్నాయి. మీరు చదివింది అదే అయ్యుంటుంది. అయితే అది వారాల తరవాతి సంగతి. మూడో రోజుకీ నాలుగో రోజుకీ అవి మోసేది కొంచెమే. మీ మెదడుకి డబ్బు అవసరమైంది దెబ్బ తగిలిన మొదటివారం. మీ కీటోన్ల చిట్టీ పాట వచ్చేది ఆర్నెల్లకి.

మావయ్య: చిట్టీ మాట బాగుంది. కానీ మనిషి శరీరాన్ని నువ్వు మరీ తక్కువ చేస్తున్నావు. స్కాట్లండ్‌లో ఆంగస్ బార్బియెరీ అని ఒకతను 382 రోజులు ఏమీ తినకుండా ఉన్నాడు. అంత దూరమెందుకు, పొట్టి శ్రీరాములుగారు 58 రోజులు నిలబడ్డారు. నేను పది రోజులకి పడిపోతానా?

మేనకోడలు: బార్బియెరీ మొదలుపెట్టినప్పుడు 207 కిలోలు. మీరు 58. ఆయనకి డండీలో డాక్టర్లు విటమిన్లు, పొటాషియం ఇస్తూ ఏడాది పొడుగునా పరీక్షలు చేశారు. పైగా ఆయన తల పగలగొట్టుకోలేదు. ఇంక శ్రీరాములుగారు... మావయ్యా, ఆయన 1952 అక్టోబరు 19న కూర్చుని డిసెంబరు 15 రాత్రి పోయారు. ఒళ్లు బాగుపడాలని కూర్చోలేదాయన. రాష్ట్రం కావాలని కూర్చున్నారు, ఏమవుతుందో తెలిసే కూర్చున్నారు. మీరు బాగవడానికి కూర్చున్నారు. ఆయన్ని ఇందులోకి తీసుకురాకండి.

మావయ్య: తప్పే. వెనక్కి తీసుకుంటున్నాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వీధిలో గడ్డిమోపుల ట్రాక్టరు పోయింది. ఆ చప్పుడుకి మావయ్య కళ్లు మూసుకుని నుదురు పట్టుకోవడం నేను చూశాను. చెల్లెలు నాకంటే ముందే చూసింది. అప్పుడే నాకొక సంగతి గుర్తొచ్చి లోపలి గదిలోకి వెళ్లాను. మావయ్య బీరువాలో తెలుగు తాత్పర్యంతో చరక సంహిత ఉంటుంది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అందులో బొమ్మలుంటాయేమోనని తిరగేసి నిరాశపడినవాణ్ణి. చికిత్సాస్థానం మూడో అధ్యాయం జ్వరచికిత్స. వెతుకులాట పావుగంట పట్టింది. తెచ్చి మావయ్య చేతికివ్వకుండా, ఆయనకి చదవడం కష్టంగా ఉందని, నేనే చదివాను. సారాంశం ఇది. జ్వరానికి మొదట లంఖణమే చెప్పాడు చరకుడు. ఆ వాక్యంలోనే మినహాయింపులు కూడా పెట్టాడు: క్షీణించినవాడు, వాతం చేసినవాడు, భయం, శోకం, శ్రమ వల్ల జ్వరం వచ్చినవాడు, వీళ్లకి వద్దన్నాడు. లంఖణమైనా బలానికి చేటు రాకుండా చేయించాలన్నాడు, ఆరోగ్యం బలం మీదే నిలబడుతుంది కాబట్టి. ఇంకా ముందుకు వెళితే, దెబ్బ తగలడం వల్ల వచ్చిన జ్వరానికి వైద్యం వేరే ఉంది. నెయ్యి తాగించమన్నాడు, ఒంటికి రాయమన్నాడు, అలవాటున్నవాళ్లకి మాంసరసంతో అన్నం పెట్టమన్నాడు.

మావయ్య: నువ్వు కూడా అటు దూకావేంట్రా?

నేను: పుస్తకం మీదే మావయ్యా.

మావయ్య: అది జ్వరం సంగతి. నాకు జ్వరం లేదు.

మేనకోడలు: ‘లంఖణం పరమౌషధం’ కూడా జ్వరం సంగతేగా మావయ్యా?

అత్తయ్య గుమ్మంలో నిలబడి నవ్వింది. నాలుగు రోజుల్లో అదే మొదటి నవ్వని తరవాత చెప్పింది. నన్నడిగితే చరకుడి మాటతో కంకషన్‌కి తీర్పు చెప్పడం కూడా సబబు కాదు. ఆయన కాలంలో సీటీ స్కాన్ లేదు, ఆయన రాసింది మరో శాస్త్రం. కాకపోతే సంప్రదాయం పేరు చెప్పి కూర్చున్నవాడికి ఆ సంప్రదాయం పూర్తి పాఠం వినిపించడం న్యాయమే. మనం సామెతలు దాచుకుని మినహాయింపులు పారేసుకున్నాం.

మేనకోడలు: రోజుకి ఎన్ని నీళ్లు తాగుతున్నారు?

మావయ్య: ఐదు లీటర్లు. విషాలు కడిగెయ్యాలి కదా.

మేనకోడలు: ఉప్పు?

మావయ్య: ఉప్పెందుకు? నీటి ఉపవాసం అంటే నీళ్లే.

మేనకోడలు: తిండితో వచ్చే ఉప్పు ఆగిపోయింది, నీళ్లు మాత్రం పోస్తూనే ఉన్నారు. రక్తంలో సోడియం 135కి తగ్గకూడదు. పలచబడితే నీళ్లు మెదడు కణాల్లోకి దూరతాయి, అవి ఉబ్బుతాయి. మిగతా ఒళ్లు ఉబ్బితే చొక్కా బిగుతవుతుంది, అంతే. మెదడు ఉబ్బడానికి పుర్రెలో చోటేదీ? తలకి దెబ్బ తగిలినవాళ్లలో అసలే ఒక్కోసారి ఒంట్లో నీరు నిలబడిపోయి సోడియం తగ్గుతుంది. మీరు దానికి ఐదు లీటర్ల సాయం చేస్తున్నారు. బీపీ మాత్ర వేసుకుంటున్నారా?

మావయ్య: అది ఆపలేదమ్మా. ఆపితే మీ అత్తయ్య బతకనివ్వదు.

చెల్లెలు సంచిలోంచి బీపీ మెషిన్ తీసింది. మావయ్యని అరుగు మీదే పడుకోబెట్టి చూసింది: పై అంకె 126. లేచి నిలబడమంది. ఆయన లేచారు, స్తంభం పట్టుకున్నారు. మూడో నిమిషంలో మళ్లీ చూస్తే 98.

మేనకోడలు: నిలబడితే 20 తగ్గితేనే మాకు ఆందోళన. మీకు 28 తగ్గింది. తిండి లేదు, ఉప్పు లేదు, మాత్ర మాత్రం ఉంది. దెబ్బ తరవాత బీపీని నిలబెట్టే నరాల వ్యవస్థ కూడా కొన్నాళ్లు తడబడుతుంది. రాత్రి బాత్రూముకి లేచినప్పుడు కళ్లు బైర్లు కమ్ముతున్నాయా?

మావయ్య: ... నిన్న రాత్రి తలుపు పట్టుకున్నాను.

అత్తయ్య: నాతో చెప్పలేదేం?

మేనకోడలు: తలుపు అందింది కాబట్టి సరిపోయింది. మొదటి కుదుపు మానకుండా తలకి రెండో దెబ్బ తగిలితే అది మొదటిదాని లాంటిది కాదు మావయ్యా. వార్డులో చూశాను. అందుకే ఆటలాడే పిల్లల్ని పూర్తిగా తగ్గేదాకా మైదానంలోకి వెళ్లనివ్వరు. ఇంకోటి. ఇదివరకు కంకషన్ అంటే చీకటి గదిలో పడుకోబెట్టేవారు. ఇప్పుడు అలా కాదు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఈ వైద్యం చేసే నిపుణులంతా కూర్చుని, ఒకటి రెండు రోజుల విశ్రాంతి చాలు, తరవాత మెల్లగా నడక మొదలుపెడితేనే త్వరగా కోలుకుంటారని చెప్పారు. మీ డాక్టరు తిరగమన్నది అందుకే. నిలబడలేనివాళ్లు ఏం నడుస్తారు? రాత్రి నిద్రన్నా పడుతోందా?

మావయ్య: పట్టట్లేదు. ఒంటిగంటకే మెలకువ. పగలే పడుతోంది.

మేనకోడలు: మెదడు మానేది నిద్రలో. ఆకలితో ఉన్న ఒళ్లు రాత్రి కాపలా కాస్తుంది, నిద్రపోదు. ఇంతకీ పదకొండో రోజు దేంతో విడుస్తారు?

మావయ్య: పరమాన్నంతో. మీ అత్తయ్య చేస్తానంది.

అత్తయ్య: నేననలేదు. ఆయనే అనుకున్నారు.

మేనకోడలు: అది ఇంకో గండం. పది రోజులు మాడిన ఒంట్లోకి ఒక్కసారిగా బియ్యం, బెల్లం వెళితే ఇన్సులిన్ లేస్తుంది. రక్తంలో మిగిలిన కాస్త ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి లాగేసుకుంటుంది. గుండె లయ తప్పుతుంది, ఊపిరి కండరాలు చాలించుకుంటాయి, మనిషి తికమకపడతాడు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక శిబిరాల్లోంచి విడిపించిన బందీలకి కడుపునిండా పెడితే కొందరు తిన్నాక పోయారు. అప్పటినుంచీ తెలుసు మాకు. ఐదు రోజులు దాటి ఏమీ తినని మనిషికి మా వార్డులో మొదట సగమే పెడతాం, బీ1 విటమిన్ ముందు ఇస్తాం. ఆ బీ1 కూడా ఒంట్లో కొన్ని వారాల నిల్వే. అది అడుగంటితే కళ్లు అదురుతాయి, నడక తూలుతుంది, మతి తప్పుతుంది. తలకి దెబ్బ తగిలినవాడిలో అది కనిపిస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది?

మావయ్య: దెబ్బ వల్లే అనిపిస్తుంది.

మేనకోడలు: అదిగో. అక్కడికే వద్దామనుకుంటున్నాను.

మావయ్య: ఆగు. నన్నూ ఒక మాట చెప్పనీ. నువ్వు చెప్పేవన్నీ పెద్ద దెబ్బలవాళ్ల సంగతులు, మీ వార్డులో చూసినవాళ్లవి. నాది చిన్నది. స్కాన్‌లో ఏమీ లేదు. రెండో రోజుకే తలనొప్పి సగం తగ్గింది. నా ఉపవాసం వల్లే తగ్గింది.

మేనకోడలు: పెద్ద దెబ్బలవాళ్ల లెక్క వేరు, ఒప్పుకుంటాను. న్యూయార్క్ రాష్ట్రంలో 22 ఆసుపత్రుల్లో తలకి తీవ్రంగా దెబ్బ తగిలిన 797 మందిని చూశారు. మొదటి ఐదు రోజులూ తిండి అందనివాళ్లకి చావు ముప్పు రెండింతలు, ఏడు రోజులైతే నాలుగింతలు. అది మీకు వర్తించదు, మిమ్మల్ని దాంతో బెదిరించను. కానీ స్పృహలో లేనివాడికి కూడా ముక్కులోంచి గొట్టం వేసి ఎందుకు పోస్తామో అందులో ఉంది. ఇక తలనొప్పి. కుదుపు తగిలిన తలనొప్పి మామూలుగా కూడా రోజురోజుకీ తగ్గుతుంది. మీరు ఉపవాసం ఉండటం, అది తగ్గడం ఒకే వారంలో జరిగాయి. స్కాన్ అంటారా, అది గురువారం నాటి ఫొటో. అరవై దాటినవాళ్ల మెదడు కొంచెం కుంచించుకుని ఉంటుంది, పుర్రెకీ దానికీ మధ్య సన్నటి సిరలు సాగి ఉంటాయి. వాటిల్లోంచి నెత్తురు బొట్టుబొట్టుగా కారితే రోజులకో వారాలకో బయటపడుతుంది. ఎలా బయటపడుతుందో తెలుసా? తలనొప్పి మళ్లీ పెరగడం, డోకు, మగత, తూలడం, మాట తడబడటం. మీ ఉపవాసం పుస్తకంలో నాలుగో రోజు ఏం ఉంటుందని రాశారు?

మావయ్య జవాబు చెప్పలేదు. ఆ పుస్తకం నేనూ చూశాను. తలనొప్పి, వికారం, మగత, తూలు, ‘కంగారు పడవద్దు, ఇవి విషాలు బయటికి పోతున్న గుర్తులు’.

మేనకోడలు: ఆ పన్నెండు నెలలూ వెనకనుంచి చెప్పండి మావయ్యా.

మావయ్య: నాకు పరీక్షా? నలభై ఏళ్లు నేను పెట్టాను పరీక్షలు.

మేనకోడలు: మైదానంలో ఆటగాడికి దెబ్బ తగిలితే ఇంగ్లీషు నెలలు అడుగుతారు. మీరు తెలుగు మాస్టారు కదా అని తెలుగువి అడుగుతున్నాను.

మావయ్య: ఫాల్గుణం, మాఘం, పుష్యం, మార్గశిరం, కార్తీకం... భాద్రపదం, శ్రావణం, ఆషాఢం, జ్యేష్ఠం, వైశాఖం, చైత్రం. అయిందా?

చెల్లెలు నా వైపు చూసింది. నేను అత్తయ్య వైపు చూశాను. దసరా వెళ్లి నాలుగు రోజులు కాలేదు, గుమ్మానికి కట్టిన మామిడాకులు ఇంకా పూర్తిగా ఎండలేదు. ఆయన వదిలేసింది ఆశ్వయుజం. నడుస్తున్న నెల.

అత్తయ్య: ఆశ్వయుజం ఏదండీ?

మావయ్య: చెప్పాను కదా. ... చెప్పలేదా? ఆకలి మీద తడబడ్డాను. నాలుగు రోజులైంది మెతుకు ముట్టి, ఆ మాత్రం తడబాటు ఉండదా?

మేనకోడలు: ఆకలి వల్లేనా?

మావయ్య: మరి?

మేనకోడలు: నేనడుగుతున్నది అదే మావయ్యా. ఆకలి వల్లా, ఉప్పు తగ్గడం వల్లా, దెబ్బ ఇంకా మానకపోవడం వల్లా, లోపల నెత్తురు కారుతుండటం వల్లా? ఇరవై ఏళ్ల నుంచి ఈ పనిలో ఉన్నదాన్ని, మీ ఎదురుగా కూర్చుని నేను చెప్పలేకపోతున్నాను. అత్తయ్య ఎలా చెబుతుంది? మీరెలా చెబుతారు? తిని కూర్చున్న మనిషి ఇలా పగలు మగతగా పడుకుంటే శనివారమే ఆసుపత్రికి పరిగెత్తేది అత్తయ్య. ఉపవాసం కదా అని ఊరుకుంది. అత్తయ్యది తప్పు కాదు. తలకి దెబ్బ తగిలాక ఇంట్లోవాళ్లు చెయ్యాల్సిన వైద్యం ఒక్కటే, కనిపెట్టుకుని ఉండటం. మీరు వాళ్ల కళ్లకి గంతలు కట్టారు.

మావయ్య చాలాసేపు అరుగు మీద గచ్చు వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ తరవాత ఆయన అడిగింది శాస్త్రానికి సంబంధించింది కాదు.

మావయ్య: సంకల్పం చెప్పుకున్నానమ్మా. మధ్యలో విడిస్తే?

అత్తయ్య: ఆతురుడికి నియమం లేదని పాతికసార్లు మీరే చెప్పారు. మా అమ్మ జ్వరంతో ఉండి శివరాత్రి ఉంటానంటే కాఫీ తాగించింది ఎవరు?

అలా ముగిసింది వాదన. నా చెల్లెలి ఇరవై ఏళ్ల అనుభవం, కెంటకీ ఎలకలు, కాహిల్ లెక్కలు చెయ్యలేని పని అత్తయ్య వాళ్లమ్మ తాగిన కాఫీ చేసింది. అత్తయ్య అరగ్లాసు పలచటి రాగిజావలో మజ్జిగ, ఉప్పు కలిపి తెచ్చింది. ఎక్కువ వద్దని చెల్లెలే అంది, మరో అరగ్లాసు రెండు గంటల తరవాతట. ఆలోగా అది డాక్టరుకి ఫోన్ చేసింది, నేను కారు తీశాను.

సాయంత్రానికి రెండో స్కాన్ వచ్చింది. శుభ్రంగా ఉంది. రక్తంలో సోడియం 129. డాక్టరు రాత్రికి ఉంచుకుని, ఉప్పుని మెల్లగా పైకి తెచ్చి, బీపీ మాత్ర మోతాదు తగ్గించి పంపారు. మంచం మీద కూర్చుని ఇడ్లీ ముక్క నములుతూ మావయ్య చెల్లెలితో అన్నారు: “చూశావా, తలలో ఏమీ లేదు.” “లేదని స్కాన్ చూశాక తెలిసింది మావయ్యా. పొద్దున్న అరుగు మీద తెలియలేదు” అంది అది.

తరవాతి ఆదివారం చెల్లెలికి ఫోన్ వచ్చింది. హలో కూడా అనకుండా ఫాల్గుణం నుంచి చైత్రం దాకా గుక్క తిప్పుకోకుండా పన్నెండూ చెప్పారట, ఆశ్వయుజం దగ్గర ఒత్తి పలికి. తరవాత గొంతు తగ్గించి అడిగారట, కార్తీక సోమవారాలు వస్తున్నాయి, పగలు పాలు తాగి రాత్రి నక్షత్రం చూసి భోంచేస్తే అది ఉపవాసం కిందికి వస్తుందా, ఒక్కపొద్దు కిందికి వస్తుందా అని. “మీరు తెలుగు మాస్టారు, మీరే చెప్పాలి. డాక్టర్ని మాత్రం అడగండి” అందిట చెల్లెలు.